ప్రసాదం పాపం, పైపు ప్రభువు చిత్తం

ఆయుధ పూజ నాడు పాశమైలారం పారిశ్రామికవాడలో ఏ షెడ్డుకెళ్ళినా ఒకటే సందడి. రియాక్టరుకు పసుపు, బాయిలరుకు బొట్టు, ఫోర్క్‌లిఫ్టు మెడలో బంతిపూల దండ, గేటు ముందు పగిలిన గుమ్మడికాయ. మేనేజరు కొబ్బరికాయ కొడతాడు. సూపర్‌వైజరు ప్రసాదం పళ్ళెం పట్టుకుని వరసగా పంచుకుంటూ వస్తాడు. ఆ వరసలో క్రైస్తవ హెల్పరు ఒకడు ఉండనే ఉంటాడు. వాడికి గుండెదడ అప్పుడు మొదలవుతుంది. తీసుకుంటే దేవుడికి కోపం, తీసుకోకుంటే సూపర్‌వైజరుకు కోపం. దేవుడు ఆదివారం దాకా ఆగుతాడు, సూపర్‌వైజరు రేపటి షిఫ్టులోనే చూపిస్తాడు. కాబట్టి రెండు చేతులా తీసుకుని, జేబులో వేసుకుని, గేటు దాటాక కుక్కకు పెడతాడు. కుక్క బాప్టిస్మం తీసుకోలేదు గనక దానికి ఏ ఇబ్బందీ లేదు.

ఆదివారం ఇస్నాపూర్ వైపు రేకుల కింద నడిచే కూడికలో వాడే చెయ్యెత్తుతాడు. "అయ్యగారూ, చేతిల పట్టుకుంటనే పాపమా, నోట్ల పెట్టుకుంటెనా?"

పాస్టరు అయ్యగారు దీని మీద ముప్పావుగంట చెప్తారు. బబులోనులో దానియేలు రాజుగారి భోజనం వద్దన్న సంగతి వస్తుంది, లోకస్తులతో పొత్తు వస్తుంది, కొబ్బరిముక్క వెంట ఇంట్లో దూరే దురాత్మ సంగతి వస్తుంది. ఆ ముప్పావుగంటా కిటికీలోంచి ఒక వాసన కూడా వస్తూనే ఉంటుంది. కుళ్ళిన గుడ్డు, కాలిన ప్లాస్టిక్కు, ఆసుపత్రి వరండా మూడూ కలిసిన వాసన. రాత్రి వాన పడింది, వాన చాటున ఎవరో ఏదో వాగులోకి వదిలారు. అందరికీ తెలుసు. ఆడవాళ్ళు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఆమెన్ అంటారు. ఈ వాసన పాపమా కాదా అని మాత్రం ఎవరూ చెయ్యెత్తరు.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా 65వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న సంఘాల్లో పాపాల పట్టిక నాకు కంఠతా వచ్చు, అక్కడే పెరిగాను గనక. బొట్టు పాపం. చెవికమ్మ కొన్ని సంఘాల్లో పాపం, కొన్నింట్లో బంగారమైతేనే పాపం. జడలో పూలు అనుమానాస్పదం. సినిమా పాపం, సీరియల్ బలహీనత, సెల్‌ఫోన్‌లో రీల్స్ గురించి ఇంకా నిర్ణయం జరగలేదు. బతుకమ్మ ఆడితే పాపం, చుట్టూ నిలబడి చప్పట్లు కొడితే సగం పాపం. కల్లు పాపం, గుట్కా పాపం, బోనాల యాట కూర ఎదురింటి నుంచి గిన్నెలో వస్తే ఘోరపాపం. అంతా చూస్తే ఒక సంగతి తేటతెల్లం. ఈ పాపాలన్నీ నోటికీ నొసటికీ చెవికీ కాళ్ళకీ చుట్టుకున్నవే. అంటే ఒంటిమీద తప్ప వేరే ఆస్తి లేని మనిషి చేయగలిగినవే. షెడ్డున్నవాడు, ట్యాంకరున్నవాడు, లేబర్ లైసెన్సున్నవాడు చేయగలిగిన పాపం పట్టికలో ఒక్కటీ లేదు. పాపం చెయ్యడానికి కూడా ఇక్కడ పేదవాడికే రిజర్వేషన్.

ఇంత చిన్న పట్టిక క్రైస్తవం మొదటి నుంచీ రాసుకున్నది కాదు. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో బతికిన ఎవాగ్రియస్ అనే సన్యాసి ఎనిమిది దుష్ట తలంపులు లెక్కకట్టాడు. ఆరో శతాబ్దం చివర్లో పోపు గ్రెగొరీ వాటిని సరిచేసి ఏడు చేశాడు. ఆ రెండు పట్టికల్లోనూ లోభం ఉంది. బొట్టు లేదు, కమ్మ లేదు. మరి పదిహేను వందల ఏళ్ళు ముఖ్యపాపాల్లో కూర్చున్న లోభం మన బెల్టుకు వచ్చేసరికి ఎటుపోయింది? ఎటూ పోలేదు. ఆశీర్వాదం అని పేరు మార్చుకుని, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, కానుకల పళ్ళెం తన దగ్గరికి వచ్చినప్పుడు అందరికీ కనబడేలా నోటు విప్పి వేస్తోంది.

ప్రసాదం సంగతి కూడా కొత్తదేం కాదు. కొరింథు పట్నంలో ఇదే గొడవ వస్తే పౌలు తేల్చేశాడు. విగ్రహం వట్టిదే, అంగట్లో అమ్మే మాంసం గురించి ఆరాలు తియ్యకుండా తినండి, కాకపోతే తోటివాడి మనసు నొచ్చుకునేటట్టుంటే మానెయ్యండి అన్నాడు. రెండువేల ఏళ్ళ కిందట తెగిన తగువు. అయ్యగారి ముప్పావుగంటలో ఈ తీర్పుకు మూడు నిమిషాలు చాలు.

యేసు ఇంకా ముందుకెళ్ళాడు. చేతులు కడుక్కోకుండా తింటున్నారని శిష్యుల మీద పరిసయ్యులు పితూరీ తెస్తే, మనిషిని మైలపరిచేది లోపలికి పోయేది కాదు, బయటికి వచ్చేదే అన్నాడు. పేతురుకు అర్థం కాకపోతే విడమరిచి చెప్పాడు కూడా. ఈ మాట మా సంఘాల్లో వెయ్యిసార్లు విన్నాం, ఎప్పుడూ బూతులు మాట్లాడొద్దనే పాఠంతోనే ముగుస్తుంది. పటాన్‌చెరులో ఉన్నవాడికి బయటికి వచ్చేది అనగానే మొదట గుర్తుకు రావాల్సింది ఏమిటి? లోపలికి ముడిసరుకు పోతుంది, బయటికి పైపు వస్తుంది. సువార్తలో ఇంత స్థానికమైన వాక్యం ఇంకోటి లేదు. దాన్ని మనం నోటి దురుసుకు వాడుకుంటున్నాం.

బయటికి వచ్చిందేమిటో స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళు కొలిచారు. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి యోకిమ్ లార్షన్ బృందం పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు దగ్గర నీళ్ళు పట్టి చూసింది. శుద్ధి చెయ్యకముందు నీళ్ళు కావు, చేశాక బయటికి వదిలినవి. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. కొన్ని సూక్ష్మజీవులను చంపడానికి చాలిన మోతాదుకు వెయ్యి రెట్లు పైన. రోజుకు వాగుపాలయ్యేది 40 కిలోలకు పైమాటేనని, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో మింగే మందు అదని లెక్కగట్టారు. డాక్టరు చీటీ అక్కర్లేకుండా నక్కవాగు రోజూ కోర్సు పూర్తిచేసేది. ఆ వాగు మంజీరలో కలుస్తుంది. అదే మంజీర ఒడ్డున మారుమనస్సు పొందినవాళ్ళను నీళ్ళలో ముంచి లేపి పాత పాపాలు కొట్టుకుపోయాయని ప్రకటిస్తాం. కొట్టుకొచ్చినవాటి గురించి ఎవరూ ప్రకటించరు.

కల్లు సంగతి చూడండి. మా సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచే మగవాళ్ళలో సగం మంది కల్లు మానినవాళ్ళే. మానడం మంచిదే, ఇంట్లో ఆడవాళ్ళ ఒంటిమీద దెబ్బలు తగ్గుతాయి, దాన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ ఆ సాక్ష్యాల్లో సీసాలో ఏముందో రాదు. చెట్టు కల్లు చాలనప్పుడు డిపోల్లో నీళ్ళకు మత్తు ఎక్కించడానికి వేసే పొడి అల్ప్రాజోలం. అది ఈతచెట్టుకు కాయదు. సంగారెడ్డి జిల్లాలోనే దొంగచాటుగా దాన్ని వండే షెడ్ల మీద పోలీసులు దాడిచేసిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. తాగినవాడు స్టేజీ ఎక్కి ఏడుస్తాడు, సంఘమంతా హల్లెలూయా అంటుంది. వండినవాడి సాక్ష్యం వినే భాగ్యం ఇంతవరకు కలగలేదు. అతనికి రక్షణ అక్కర్లేదు కాబోలు, బెయిల్ చాలు.

ఇక ఆదివారం. దీని మీద నాకు కడుపుమంట ఎక్కువ, కొంచెం ఓపిక పట్టండి.

తెలుగునేల మీద పాపాల పట్టిక ఎప్పుడూ ఇలాగే కూలివాడి మెడకు చుట్టుకుని లేదు. 1860ల చివర్లో ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దగ్గరికి మాదిగలు ఊళ్ళకు ఊళ్ళుగా వచ్చి చేరారు. చేరేవాళ్ళకు ముఖ్యంగా మూడు నియమాలు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చూడ్డానికి భక్తి నియమాల్లా ఉన్నాయి కదా. రెండో దాంట్లో దొరగారి అసహ్యం కూడా కొంత కలిసిందేమో, కాదనను. కానీ ఊళ్ళో అవి పడ్డ చోటు వేరు. ఆదివారం పనికి రాం అంటే వెట్టి చాకిరీ ఏడింట ఒకవంతు తెగిపోయింది. చచ్చిన గొడ్డు మాకొద్దు అంటే దాంతోపాటు వచ్చే ఊరి ఊడిగమూ కదిలింది. అమ్మవారి జాతరకు డప్పు కొట్టం అంటే పండగే ఆగింది. కరణాలకూ రెడ్లకూ కమ్మవారికీ ఒళ్ళు మండింది ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. మాదిగ ఏ దేవుడికి మొక్కితే వాళ్ళకేం? పనికి రానన్నాడు, అదీ మంట. బావుల దగ్గర అడ్డుకున్నారు, బాధలు పెట్టారు. అయినా 1876-78 నాటి కరువు దాటాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్టిస్మం తీసుకున్నారు. పాపం అనే మాట ఆ రోజు పెత్తందారు మీదికి ఎక్కుపెట్టిన బాణం.

అదే ఆజ్ఞ, అదే ఆదివారం, ఇవాళ మా బెల్టులోని బొల్లారంలో చూడండి. కాంట్రాక్టు కూలీకి పన్నెండు గంటల షిఫ్టు. ఆదివారం రాకుంటే సోమవారం గేటు దగ్గరే ఆపేస్తారు. వాడు నెలకోసారి ప్రభువు బల్లకు అందుకుంటే గొప్ప. అందుకున్న ఆ ఒక్క ఆదివారం అయ్యగారు వాడినే నిలబెట్టి అడుగుతారు. "ఏం బ్రదర్, దేవుని దినం కంటే డ్యూటీ ఎక్కువైందా?" వాడు తల వంచుకుంటాడు. వారానికో సెలవు ఇమ్మనీ, అదనపు గంటలకు రెట్టింపు కూలి కట్టమనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. సెలవు మింగినవాడు విశ్రాంతి దినాన్ని మీరినట్టా, సెలవు దొరకనివాడు మీరినట్టా? నిర్గమకాండం తెరిచి ఆ ఆజ్ఞ పూర్తిగా చదవండి. దాసుడికీ దాసికీ పశువుకీ పరదేశికీ కూడా విశ్రాంతి ఇవ్వమని యజమానితో అంటోంది. ఆజ్ఞ వెళ్ళాల్సింది మేనేజింగ్ డైరెక్టరుకు, మనం డెలివరీ చేస్తున్నది హెల్పరుకు. ఒంగోలు మాదిగలకు అక్షరం రాకపోయినా అడ్రసు తెలుసు.

ఇది మా పక్క చిన్న సంఘాల అజ్ఞానం, పెద్ద సంఘాలు వేరు అని ఎవరూ సంబరపడక్కర్లేదు. ఈ జిల్లా 2016లో విడిపోకముందు మెదక్‌లో భాగం. మెదక్ అనగానే చర్చి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరికేలా కట్టించినది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది, మొన్ననే నూరేళ్ళు నిండాయి. వెస్లియన్ అంటే జాన్ వెస్లీ బిడ్డలు. ఆ వెస్లీ 1760లో డబ్బు వాడకం మీద ఒక ప్రసంగం అచ్చువేశాడు. సంపాదించగలిగినంత సంపాదించండి అన్నాడు, ఈ ముక్క మాత్రం మనవాళ్ళకు బాగా నచ్చుతుంది. వెంటనే పెట్టిన షరతులున్నాయి. ఒంటికి హానిచేసే పని చేసి సంపాదించొద్దు, పొరుగువాడి ఒంటికి హాని చేసి అసలే వద్దు. ఉదాహరణకు రెండు పేర్లు చెప్పాడు. ఒకటి ఆర్సెనిక్, రెండోది కరిగే సీసం ఆవిరి. ఇంగ్లండులో కూర్చుని, గుర్రం మీద తిరిగే ఒక బోధకుడు పటాన్‌చెరు రిపోర్టు రాసిపెట్టి పోయినట్టుంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రజ్ఞులు ఇక్కడి మట్టిని పరీక్షించి మామూలుకు మించి ఉన్నాయని చెప్పిన లోహాల్లో ఆ రెండూ ఉన్నాయి. నూరేళ్ళ పండగకు వచ్చిన పెద్దల్లో ఎవరైనా ఆ ప్రసంగం చదివి ఉంటే సంతోషం.

క్యాథలిక్కులకైతే చదవలేదనే సాకు కూడా లేదు. 2008లో వాటికన్ అధికారి బిషప్ జిరోత్తి కొత్తకాలపు పాపాల గురించి మాట్లాడుతూ పర్యావరణాన్ని పాడుచెయ్యడాన్ని చేర్చాడు. 2015లో పోపు ఫ్రాన్సిస్ ఏకంగా ఒక పెద్ద లేఖే రాశాడు. అంతకుముందు 1997లోనే కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ బర్తలోమెయో నేలనూ నీటినీ గాలినీ విషం చెయ్యడం పాపమని బహిరంగంగా అన్నాడు. రోము చెప్పింది, కాన్‌స్టాంటినోపుల్ చెప్పింది. కబురు ముత్తంగి ఔటర్ రింగు రోడ్డు టోల్‌గేటు దగ్గర ఆగిపోయింది.

ఈ బెల్టులో వాగు గురించి దశాబ్దాల తరబడి గొంతు చించుకుని చెప్పినవాడు పాస్టరు కాదు, పటాన్‌చెరులో వైద్యం చేసుకునే డాక్టర్ అల్లాని కిషన్‌రావు. రోగులు పెరుగుతున్నారేమిటని ఆరా తీసి, రైతులతో కలిసి రోడ్డెక్కి, కోర్టుల చుట్టూ తిరిగాడు. సుప్రీంకోర్టులో 1990లో పడిన కేసు హైకోర్టుకు పోయి, అక్కణ్ణుంచి హరిత ట్రిబ్యునల్‌కు పోయి 2017లో తీర్పుకొచ్చింది. ఇరవై ఏడేళ్ళు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో నలభై ఏళ్ళు తిరిగారని చెప్పుకుని ధైర్యం తెచ్చుకోవాలి. తండ్రులు పుల్లటి ద్రాక్ష తింటే పిల్లల పళ్ళు పులిశాయని యూదుల్లో ఒక సామెత ఉండేది, ఇక ఆ సామెత చెల్లదని యెహెజ్కేలు ప్రవక్త కొట్టేశాడు. నక్కవాగు ఒడ్డున అది ఇంకా చెల్లుతోంది, చిన్న సవరణతో. ద్రాక్ష తిన్నది ఒకరి తండ్రులు, పళ్ళు పులిసింది ఇంకొకరి పిల్లలకు. ఆదాము పాపం మనకెలా అంటుతుందయ్యా అని నాస్తిక మిత్రులు వాదిస్తుంటారు. వాళ్ళను ఆ పక్క ఊళ్ళలో బోరు వేసి చూడమనండి.

2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో మందుబిళ్ళలకు వాడే సెల్యులోజ్ పొడి తయారుచేసే కర్మాగారం పేలింది. నలభై మందికి పైగా పోయారు. కొందరికి డీఎన్‌ఏ పరీక్షలు చేస్తేగాని ఎవరో తెలియలేదు, కొందరి ఆనవాళ్ళే దొరకలేదు. ఎక్కువమంది ఒడిశా నుంచీ బీహారు నుంచీ ఉత్తరప్రదేశ్ నుంచీ పొట్టకూటికి వచ్చినవాళ్ళు. ఇలాంటిది జరిగినప్పుడల్లా మా కూడికల్లో మాటలు తయారుగా ఉంటాయి. ప్రభువు చిత్తం. అంత్యదినాల సూచన. వాళ్ళు ఏ స్థితిలో పోయారో, రక్షణ పొందారో లేదో. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో అచ్చం ఇలాంటి ప్రమాదమే ఉంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. యెరూషలేములో అందరికంటే వాళ్ళే పాపులా అని యేసు తనే ప్రశ్న లేవదీసి, కానే కాదని తనే జవాబిచ్చాడు. మీరు మారకపోతే మీ గతీ ఇంతేనని బతికున్నవాళ్ళ వైపు తిరిగాడు. అంటే చచ్చినవాడి ఫైలు ఆయన మూసేశాడు, బతికున్నవాడి ఫైలు తెరిచాడు. మనం సరిగ్గా తలకిందులు చేశాం. చచ్చినవాడి ఆత్మస్థితి మీద విచారణ, బతికున్న యాజమాన్యం కోసం ప్రార్థన. ఆ గోపురానికి కాంట్రాక్టరు ఎవరో లూకా రాయలేదు. రాసి ఉంటే మన సంఘాల్లో ఆ అధ్యాయం కూడా చదవడం మానేసేవాళ్ళం.

ఎందుకంటే కాంట్రాక్టరు మన మధ్యనే ఉన్నాడు. లేబర్ సప్లై చేసే సంఘపెద్దను ఈ బెల్టులో వెతకనక్కర్లేదు. కూలీల జీతంలోంచి పీఎఫ్ కోస్తాడు, కట్టడు. ఈఎస్‌ఐ కార్డు అడిగితే వచ్చే నెల అంటాడు. దశమభాగం మాత్రం తప్పడు, ఆ విషయంలో బహు నిష్ఠాపరుడు. ఆయన వేయించిన సౌండ్ సిస్టమ్‌లోనే ఆయన కూలీలకు బొట్టు పాపమని వినబడుతుంది. బిగబట్టిన కూలి తనే దేవుడికి మొరపెడుతుందని యాకోబు పత్రికలో ఉంది. క్యాథలిక్ బోధలో అయితే ఆకాశానికి మొరపెట్టే పాపాలని ప్రత్యేకంగా ఒక వర్గమే ఉంది, హేబెలు రక్తం పక్కన కూలివాడికి చేసిన అన్యాయాన్నీ, పరదేశి ఏడుపునీ కూర్చోబెట్టారు. మొర వినబడటం లేదంటే సౌండ్ సిస్టమ్ తప్పు కాదు.

అయ్యగార్లందరినీ ఒకే గాటన కట్టను. షెడ్డు అద్దె ఎవరు కడతారో, మైకు ఎవరు కొన్నారో వాళ్ళకు తెలుసు, నాకూ తెలుసు. అర్ధరాత్రి విశ్వాసి పిల్లాడికి ఊపిరాడకపోతే బైకు మీద ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ వాళ్ళే. నోరు విప్పితే నెలకు వచ్చే నాలుగు రాళ్ళూ పోతాయి. నేను అడిగేది మరీ చిన్నది. కంపెనీ గేటు ముందు ధర్నా చెయ్యమనడం లేదు. సండే స్కూల్ నుంచి మొదలుపెడదాం.

సండే స్కూల్లో జక్కయ్య కథ చెప్పని ఏడాది ఉండదు. సుంకం వసూలు చేసేవాడు, పొట్టివాడు, యేసును చూడ్డానికి చెట్టెక్కాడు, ప్రభువు కిందికి పిలిచి ఇంటికెళ్ళాడు. పిల్లలు ఎగిరెగిరి చూపిస్తారు, అంతటితో గంట కొట్టేస్తారు. తర్వాత జక్కయ్య లేచి నిలబడి చెప్పిన లెక్క ఎవరికీ పట్టదు. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నవాళ్ళకు నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. ఆ లెక్క విన్నాకే యేసు, ఈ ఇంటికి ఇవాళ రక్షణ వచ్చిందన్నాడు.

వార్షిక పరీక్షలో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఒకటుంది. జక్కయ్య ఏ చెట్టెక్కాడు? మేడిచెట్టు అని రాస్తే ఒక మార్కు. ఈసారి దాని కింద ఇంకో ప్రశ్న చేర్చండి. ఎవరికి, ఎన్ని రెట్లు తిరిగిచ్చాడు? పిల్లలకు వద్దు, కమిటీ మెంబర్లకు ఇవ్వండి. పుస్తకం చూసి రాసినా ఫర్వాలేదు.